చెరువు నేలలో తుంగ దుబ్బు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేలోపు కిటికీలోంచి కనిపించేవన్నీ డాబాలు, నీళ్ల ట్యాంకులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఆ డాబాలకు దక్షిణాన, నడిచి వెళ్లగలిగేంత దూరంలో సరూర్‌నగర్ చెరువు ఉంది. 1626లో కట్టించారని చెప్పే ఈ చెరువు విస్తీర్ణం సుమారు 99 ఎకరాలు. మీర్‌పేట వైపు చెరువులు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు ఇందులోకి వస్తాయి. ఇది నిండితే కోదండరాంనగర్, చైతన్యపురి మీదుగా మూసీ వైపు వెళ్తాయి. మనం ఇళ్లు కట్టుకున్నది ఈ దారి పొడవునా, ఈ దారి చుట్టూ.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరు 13న మొదలైన వాన 24 గంటల్లో అక్కడే 19 సెంటీమీటర్లు దాటింది. ఆ అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో జనం పడవల్లో బయటికి వచ్చారు. చాలామంది ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియలేదంటారు. ఏళ్ల తరబడి ఉన్న ఇంట్లోకి నీళ్లు ఎటు నుంచి వస్తాయో తెలియకపోవడం మన తరం పట్టణవాసికి ఉన్న పెద్ద లోటు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనం ఏ నేల మీద ఉంటున్నామో ఆ నేలతో రోజూ కాస్త పని పెట్టుకోవాలి. పని లేనిదే చూపు పడదు. చూపు పడనిదే బాధ్యత పుట్టదు. ఆ పని మొదలుపెట్టడానికి చెరువు అంచున పుట్టే తుంగ కంటే మంచి మొక్క లేదు. ఒక తొట్టెడు తుంగను ఏడాదిపాటు బతికించినవారికి నీరు, ఎండ, మట్టి, దోమ, వాన లెక్క చేతికి వస్తుంది.

తుంగే ఎందుకు?

మన ఇళ్లలో పెంచే మొక్కల్లో ఎక్కువ భాగం నీరు నిలిస్తే చచ్చిపోతాయి. గులాబీ, మందారం, టమాటా, ఏదైనా సరే కుండీ అడుగున రంధ్రం ఉండాలి, నీరు దిగిపోవాలి. వానాకాలంలో మిద్దె తోటల వారికి ఇదే పెద్ద తలనొప్పి. తుంగ తీరు వేరు. మన చెరువులు వానాకాలంలో నిండి, వేసవికి ఎండి, మళ్లీ నిండుతాయి. ఆ రెండు స్థితులకూ అలవాటు పడిన మొక్క ఇది. వారం రోజులు మునిగినా బతుకుతుంది. కొన్నాళ్లు బురద ఎండి పగిలినా కింద గడ్డ బతికే ఉండి, తడి తగలగానే మళ్లీ పిలక వేస్తుంది.

దీనికి పురుగుమందులు అక్కర్లేదు. పిల్లలు ముట్టుకున్నా ప్రమాదం లేదు. బాల్కనీలో ఆరు గంటల ఎండ, ఒక బకెట్టు ఉంటే హాస్టల్ గదిలో గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న విద్యార్థి కూడా పెంచగలడు. నారపల్లిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన డాబా మీద కూరగాయలు పండించి, తెలుగునాట మిద్దె తోట అనే మాటను ఇంటింటికీ చేర్చారు. ఆ మిద్దె తోటల్లో ఒక మూల చెరువు మొక్కకూ చోటు ఉండాలని నా కోరిక.

ముందు తుంగను గుర్తుపట్టండి

చూపుకి తుంగ గడ్డిలాగే ఉంటుంది. చేతికి అలా ఉండదు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పండి. గడ్డి కాడ గుండ్రంగా జారిపోతుంది. తుంగ కాడకు మూడు అంచులు తగులుతాయి. కాడను అడ్డంగా బ్లేడుతో కోసి వెలుతురుకు పట్టుకోండి. త్రికోణం కనిపిస్తుంది. లోపల తెల్లటి బెండు, అందులో సూది మొన పట్టేంత గాలి గదులు. గడ్డికి ఉండే కణుపులు దీని కాడకు ఉండవు. ఆకులు మొదట్లోంచి మూడు దిక్కులకు వస్తాయి. కాడ చివర గొడుగు ఊచల్లా కొమ్మలు విచ్చుకుని, వాటికి గోధుమరంగు కంకులు వేలాడతాయి.

మన చెరువుల్లో గోధుమరంగు బొద్దు కంకితో, బల్లపరుపు ఆకులతో కనిపించేది జమ్ము. అది వేరే కుటుంబం. ఊదారంగు పూలతో నీటి మీద తేలేది గుర్రపు డెక్క. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులను కప్పేసిన మొక్క. ఈ రెంటినీ తుంగతో కలపొద్దు.

తుంగలో ఇంటికి పనికొచ్చేవి రెండు రకాలు.

మొదటిది దుబ్బు కట్టే పెద్ద తుంగ. శాస్త్రీయ నామం సైపరస్ ఎగ్జాల్టేటస్. ఒక మీటరు నుంచి మీటరున్నర ఎత్తు పెరుగుతుంది. కంకులు పెద్దవి, ఎండకు బంగారు రంగులో మెరుస్తాయి. ఉన్నచోటే దుబ్బుగా పెరుగుతుంది కాబట్టి తొట్టికి ఇదే మేలు.

రెండోది చాపల తుంగ, సైపరస్ పాంగోరై. ఆకులు తక్కువ, కాడలు నిటారుగా నున్నగా ఉంటాయి. పచ్చికాడను నిలువునా చీల్చి, ఎండబెట్టి చాపలు అల్లుతారు. ప్లాస్టిక్ చాప రాకముందు మన ఇళ్లలో పడక, పెళ్లిలో పంక్తి, పొలంలో ధాన్యం ఆరబోత, అన్నీ తుంగ చాప మీదే. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరి పత్తమడైలో ఇదే జాతి తుంగలతో నేసే మెత్తటి చాపలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇది నేల కింద అడ్డంగా పాకుతుంది. వెడల్పాటి తొట్టి ఉంటేనే పెట్టుకోండి.

మూడో రకం ఒకటుంది, దాన్ని నేలలో మాత్రం నాటకండి. తవ్వి చూస్తే వేళ్లకు నల్లటి గడ్డలు దండ గుచ్చినట్టు వరుసగా ఉంటాయి. నలిపితే మంచి వాసన. అవే తుంగముస్తలు, సైపరస్ రొటండస్. ఆయుర్వేదంలో జ్వరానికి, అజీర్ణానికి వాడే ముస్త ఇదే, స్నానపు పొడుల్లో వేసేదీ ఇదే. అయితే ప్రపంచ కలుపు మొక్కల మీద 1977లో హోల్మ్, ఆయన సహచరులు రాసిన ప్రసిద్ధ గ్రంథం అన్నిటికంటే మొండి కలుపుగా దీనికే మొదటి స్థానం ఇచ్చింది. ఒక గడ్డ పీకితే తెగిన దండలోంచి నాలుగు మొలుస్తాయి. మందు కోసం పెంచాలనిపిస్తే రంధ్రం లేని విడి కుండీలోనే పెంచండి.

నర్సరీలో "వాటర్ ప్లాంట్" అని అడిగితే గొడుగులా ఆకులు విచ్చుకున్న మొక్క చేతికిస్తారు. దాన్ని అంబ్రెల్లా పామ్ అంటారు. అది కూడా తుంగ జాతే, కానీ సొంత ఊరు ఆఫ్రికా, మడగాస్కర్. అందంగా ఉంటుంది. మన చెరువు మొక్క మాత్రం కాదు.

పిలక ఎక్కడ దొరుకుతుంది?

సరూర్‌నగర్ చెరువు గట్టు దిగి పీక్కురావద్దు. అక్కడి బురదలో మురుగు కలిసి ఉంటుంది. ఆ దుబ్బుల్లో బొల్లికోళ్లు గూళ్లు పెట్టుకుంటాయి. ఎల్బీనగర్, వనస్థలిపురం, కొత్తపేటల్లో ఉండేవారిలో చాలామందికి నల్గొండ వైపో, ఖమ్మం వైపో సొంత ఊరు ఉంది. పండుగకు ఊరెళ్లినప్పుడు కాలువ గట్టున, వరి మడి అంచున చూడండి. రైతును అడిగి తీసుకోండి. ఆయనకది కలుపు, సంతోషంగా ఇస్తాడు.

గుప్పెడు పిలకలు చాలు. పాత దుబ్బు అంచు నుంచి, కింద గట్టి గడ్డ, నాలుగైదు తెల్లటి వేళ్లు ఉన్న ముక్కను కత్తితో కోసి తీసుకోండి. నల్లటి గడ్డల దండ కనిపిస్తే వదిలేయండి. వేళ్లను అక్కడే కాలువ నీటిలో కడిగి, తడి గోనె పట్టాలో చుట్టి తెచ్చుకోండి. రెండు రోజులు ఆగుతుంది. ఇంటికి రాగానే వేళ్లలో నత్త గుడ్లు, గుర్రపు డెక్క ముక్కలు లేకుండా ఇంకోసారి కడగండి.

తొట్టి, మట్టి, నీరు

సిమెంటు గోలెం అయినా, సగానికి కోసిన నీలం డ్రమ్ము అయినా సరే. అడుగున రంధ్రం ఉండకూడదు. నేల మీద పెట్టుకునేవారికి 18 అంగుళాల వెడల్పు, అడుగు లోతు బాగుంటుంది. డాబా మీద పెట్టేవారు బరువు లెక్క వేసుకోవాలి. ఆ కొలత గోలెంలో తడి మట్టి నిండితే 80 కిలోలు దాటుతుంది. 14 అంగుళాల తొట్టి అయితే 40 కిలోల పైచిలుకు. స్లాబు మధ్యలో కాకుండా దూలం మీదికో, గోడ వారకో వచ్చేట్టు పెట్టండి. కింద నాలుగు ఇటుకలు పేర్చండి. కారితే వెంటనే కనిపిస్తుంది, స్లాబు తడవదు.

మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు నల్లరేగడి లేదా చెరువు పూడిక మట్టి. అడుగున ఒక దోసెడు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పైన కలపొద్దు. కోకోపీట్ అసలు వద్దు, అది తేలుతుంది. వర్మీకంపోస్టు ఎక్కువైతే నీరు పచ్చగా మారి నాచు పడుతుంది. వినాయక చవితికి రంగులు వేయని మట్టి విగ్రహం పెట్టుకున్న ఇంట్లో బకెట్టులో నిమజ్జనం చేశాక మిగిలే మట్టికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అడుగు లోతు గోలెంలో ఎనిమిది అంగుళాలు మట్టి, దాని మీద రెండు అంగుళాలు చిన్న కంకర వేయండి. పైన రెండు అంగుళాలు ఖాళీ. కంకర పైభాగానికి అర అంగుళం కింద, తొట్టి గోడకు పెన్సిలు పట్టేంత రంధ్రం ఒకటి చేయండి. ఎంత వాన పడినా నీరు అక్కడి నుంచి పోతుంది, కంకర మీద నిలవదు. ఈ ఒక్క రంధ్రం దోమల సమస్యను చాలావరకు తీరుస్తుంది.

ఎల్బీనగర్ ప్రాంతానికి 2004 నుంచి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నాగార్జునసాగర్ వైపు నుంచి బయలుదేరి సాహెబ్‌నగర్ రిజర్వాయర్ దాకా వచ్చే ఆ నల్లా నీటిని ఒక రాత్రి బకెట్టులో ఉంచి పోయండి, క్లోరిన్ తగ్గుతుంది. బోరు నీరు పోసేవారి తొట్టిలో కొన్ని నెలలకు కంకర మీద తెల్లటి పొర కడుతుంది. అది ఉప్పు. ఆర్వో ఫిల్టరు వదిలేసే నీటిలో ఉప్పు ఇంకా ఎక్కువ, దాన్ని రోజూ పోయకండి. ఏసీ పైపు కింద పెట్టిన బకెట్టులో చేరే నీటిలో ఉప్పు దాదాపు ఉండదు. బోరు నీటితో సగం సగం కలిపి పోస్తే మొక్కకు మేలు. బట్టలు ఉతికిన సబ్బు నీరు వద్దు.

మే నెల ఎండకు ఈ తొట్టి రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగుతుంది. జులైలో చాలా రోజులు చుక్క కూడా పోయనక్కర్లేదు. ఈ తేడాను చేత్తో పోసి తెలుసుకున్నవారికి చెరువు ఎందుకు ఎండుతుందో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

నాటే పద్ధతి

మృగశిర కార్తె, అంటే జూన్ రెండో వారం, నాటడానికి సరైన అదను. మట్టిని ముందు రోజు తడిపి బురద చేసి ఉంచండి. కాడలను జానెడు ఎత్తుకు కత్తిరించండి, లేకపోతే గాలికి ఊగి వేళ్లు పట్టవు. గడ్డను రెండు అంగుళాల లోతులో, మొలక పైకి వచ్చేలా పెట్టి చుట్టూ మట్టిని వేళ్లతో నొక్కండి. ఒక తొట్టికి మూడు పిలకలు చాలు. తర్వాత కంకర పరచండి.

మొదటి రెండు వారాలు నీరు మట్టి మట్టం వరకే ఉంచండి. పాత ఆకులు ఎండుతాయి, కంగారు పడకండి. దుబ్బు మధ్యలోంచి లేత పచ్చ మొన కనిపించిందంటే వేళ్లు పట్టాయని అర్థం. అప్పటి నుంచి నీరు కంకర దాకా రానివ్వండి.

దోమల మాట

నీళ్ల తొట్టి అనగానే ఇంట్లోవాళ్లు డెంగీ అంటారు. వారి భయం సరైనదే. డెంగీ మోసే ఏడిస్ దోమ మన కాలనీల్లో కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీల పళ్లాల్లో పుడుతుంది. గుడ్డు నుంచి దోమ ఎగిరేదాకా పట్టేది వారం, పది రోజులు. తెరిచిన నీరు లేకపోతే దాని పిల్లలు పెరగవు. అందుకే కంకర, పక్క రంధ్రం. వారానికోసారి చేతిని కంకర మీద పెట్టి చూడండి. తడి తగలాలి, నీరు తేలకూడదు.

కొందరికి తెరిచిన నీరు కావాలనిపిస్తుంది. అప్పుడు అక్వేరియం దుకాణంలో దొరికే గప్పీలు నాలుగు వేయండి, దోమ పిల్లలను తినేస్తాయి. తొట్టి లోపలి గోడను వారానికోసారి పీచుతో రుద్దండి, ఏడిస్ గుడ్లు గోడకే అంటుకుంటాయి. ఒక నియమం మాత్రం తప్పొద్దు. గప్పీ గానీ, దానిలాగే దోమ పిల్లలను తినే గంబూసియా గానీ మన చేపలు కావు. తొట్టి శుభ్రం చేసేటప్పుడు వాటిని నాలాలోనో, చెరువులోనో వదలకండి. అక్కడి చిన్న చేపల తిండికి, గుడ్లకు అవి పోటీ అవుతాయి.

తెరిచిన నీటికి తూనీగలు వస్తాయి. తూనీగ పిల్ల నీటిలో ఉన్నన్నాళ్లూ దోమ పిల్లలను తిని బతుకుతుంది. రెక్కలు వచ్చే వేళకు తుంగ కాడ పట్టుకుని పైకి పాకి, చర్మం వదిలి ఎగిరిపోతుంది. పొద్దున్నే కాడలను దగ్గరగా చూడండి. వీపు మీద చీలిక, ఆరు కాళ్లతో కాడను పట్టుకుని ఉన్న గోధుమరంగు ఖాళీ తొడుగు కనిపిస్తే మీ తొట్టిలో జీవం నిలదొక్కుకున్నట్టే.

ఏడాది పొడవునా

ఆషాఢ శ్రావణాల్లో మొక్క దూకుడుగా పెరుగుతుంది. చూడటం తప్ప మీకు పెద్ద పని ఉండదు. మొదటి భారీ వానకు పక్క రంధ్రంలోంచి నీరు బాగా పొంగి పోనివ్వండి. వేసవిలో పేరుకున్న ఉప్పు దాంతో కొట్టుకుపోతుంది.

వినాయక చవితి, దసరా నాటికి కంకులు వస్తాయి. గింజ రాలక ముందే సగం కంకులు కోసేయండి. మిగతా సగం పిచ్చుకలకు, మునియాలకు వదలండి.

కార్తీకం నుంచి పెరుగుదల తగ్గుతుంది. ఎరువు వేయకండి.

శివరాత్రి తర్వాత ఎండిన కాడలను కోయండి. కోత నీటి మట్టానికి కనీసం నాలుగు అంగుళాలు పైన ఉండాలి. దీనికి కారణం ఉంది. బురదలో గాలి ఉండదు. తుంగ తన వేళ్లకు కావలసిన ఆక్సిజన్‌ను కాడలోని గాలి గదుల ద్వారా కిందికి పంపుకుంటుంది. కోసిన కాడలన్నీ నీటిలో మునిగితే ఆ దారి మూసుకుపోతుంది.

రెండేళ్లకోసారి, జూన్‌లో, దుబ్బును బయటికి తీసి నాలుగుగా చీల్చాలి. అప్పుడు వేళ్లను తప్పక చూడండి. తొట్టి అడుగు బురద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. ఆ నల్లటి బురదలోంచి తీసిన లేత వేరు మీద మాత్రం తుప్పు రంగు పొర ఉంటుంది. వేరులోంచి బయటికి వచ్చిన ఆక్సిజన్ చుట్టూ ఉన్న ఇనుముతో కలిసి కట్టిన పొర అది. ఊపిరాడని బురదలో తన చుట్టూ కాస్త గాలి ఉండే చోటు ఈ మొక్క తానే తయారు చేసుకుంటుంది. ఆ చోటులోనే సూక్ష్మజీవులు చేరి మురికిని విడగొడతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ గ్రామాల మురుగునీటికి కంకర, మొక్కల మడుగులు కట్టించినా, 2018 ఫిబ్రవరి 2న నెక్నాంపూర్ చెరువులో తేలే మొక్కల తెప్పను వేరేవారు వదిలినా, వెనక ఉన్న పని ఇదే.

రోహిణి కార్తెలో మధ్యాహ్నపు ఎండ పడకుండా పాత చీర ఒకటి కట్టండి. నీరు పొద్దునే పోయండి. ఊరెళ్లాల్సి వస్తే తొట్టిని నీడకు జరిపి, కంకర మీద తడి గోనె పరిచి వెళ్లండి. వారం పాటు ఢోకా లేదు.

మొక్క వాడిపోతే

ఆకు కొసలు గోధుమరంగులోకి మారితే ఉప్పు ఎక్కువైందన్నమాట. వాన నీటితో గానీ, ఏసీ నీటితో గానీ తొట్టి నుంచి నీరు పొంగిపోయేదాకా పోయండి. ఆకులు మొత్తం లేత పసుపు రంగుకు వస్తే తిండి చాలడం లేదు. మాగిన ఎరువును బంతిలా చేసి కాగితంలో చుట్టి, కంకర తొలగించి మట్టిలో నాలుగు అంగుళాల లోతుకు నొక్కండి. కాడలు పొడుగ్గా సాగి ఒరిగిపోతే ఎండ చాలడం లేదు, లేదా ఎరువు ఎక్కువైంది. మధ్యలో కాడలు చచ్చి అంచున మాత్రమే పచ్చగా ఉంటే దుబ్బు ముదిరింది, చీల్చాల్సిన సమయం వచ్చింది. పేనుబంక పడితే నీటిని గట్టిగా చిమ్మితే చాలు.

ఏ సమస్యకైనా ముందు మూడు రోజులు చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి. మొక్కల విషయంలో తొందరపాటు వల్ల జరిగే నష్టం నిర్లక్ష్యం వల్ల జరిగే నష్టానికి తీసిపోదు. పిల్లల పెంపకంలో, ఉద్యోగంలో కూడా ఈ అలవాటు అక్కరకు వస్తుంది. ముందు చూడటం, తర్వాత కారణం వెతకడం, ఆ తర్వాత ఒక్క మార్పు చేసి ఫలితం కోసం ఆగడం. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

తొట్టి దగ్గర ఆగిపోవద్దు

ఒక తొట్టెడు తుంగ వరదను ఆపదు. పది తొట్లు పెట్టినా నాలాలోకి వచ్చే మురుగు శుభ్రం కాదు. అది మొక్క పని కాదు, మనుషుల పని. అయితే తొట్టిలో నేర్చిన లెక్క ఇంటికీ వర్తిస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 గజాల స్థలం అంటే సుమారు 167 చదరపు మీటర్లు. 2020 అక్టోబరు నాటి 19 సెంటీమీటర్ల వానకు ఆ ఒక్క స్థలం మీద పడిన నీరు దాదాపు 32 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు నిండి ఇంకా మిగులుతుంది. ప్రహరీ నుంచి ప్రహరీ దాకా టైల్స్ పరిచిన ఇంట్లోంచి ఆ ఆరు ట్యాంకర్లూ వీధిలోకి, అక్కడి నుంచి పల్లంలో ఉన్నవారి గుమ్మంలోకి వెళ్తాయి.

అందుకని ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ స్థలంలో కొంతైనా మట్టిగా ఉంచండి. ఇంకుడు గుంత ఉంటే వానాకాలానికి ముందు పూడిక తీయించండి. పునాదికి దూరంగా పల్లపు మూల ఏదైనా ఉంటే ఒక అడుగు లోతు తవ్వి డాబా పైపును అటు తిప్పండి, అక్కడ తుంగ నాటండి. వాన వెలిసిన ఒకటి రెండు రోజుల్లో నీరు ఇంకిపోతే ఆ మూల బాగా పనిచేస్తున్నట్టు. మూడు రోజులకు మించి నిలిస్తే లోతు తగ్గించండి. కాలనీ పార్కులో ఎప్పుడూ బురదగా ఉండే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని సిమెంటుతో కప్పించమని అడిగే ముందు అక్కడ తుంగ దుబ్బులు వేసి ఒక వానాకాలం చూద్దామని సంఘంలో అడగండి. కొత్తగా స్థలం కొనేవారు చెరువు పూర్తి నీటిమట్టం గీత ఎక్కడిదాకా ఉందో కాగితాల్లో చూసుకున్నాకే బయానా ఇవ్వండి.

ఈ వారం చేయాల్సినవి

1. మీ ఇంటికి దగ్గర్లోని చెరువు కట్ట మీద అరగంట నడవండి. సరూర్‌నగర్, బైరామల్‌గూడ, మన్సూరాబాద్, నాగోలు, ఏదైనా సరే. నీరు ఎటు నుంచి వస్తోంది, మత్తడి ఎటు ఉంది, అన్నది కాగితం మీద గీసుకోండి.

2. కట్ట వారన పచ్చగా ఉన్న మూడు మొక్కల కాడలను వేళ్ల మధ్య తిప్పి చూడండి. మూడు అంచులు తగిలినదాన్ని ఫోటో తీసుకోండి.

3. మీ డాబా మీద, బాల్కనీలో ఎండ ఏ వేళ నుంచి ఏ వేళ దాకా పడుతుందో ఒక రోజు రాసుకోండి. ఆరు గంటలు పడే చోటే తొట్టికి చోటు.

4. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తొట్టి పెట్టిన నాటి నుంచి వారానికోసారి నాలుగు సంగతులు రాయండి: ఎంత నీరు పోశారు, ఎన్ని కొత్త పిలకలు వచ్చాయి, దోమ పిల్లలు కనిపించాయా, ఏ పురుగు, ఏ పిట్ట వచ్చింది.

5. దుబ్బును చీల్చే ఏడు ఒక ముక్క మీరు ఉంచుకుని మిగతావి పక్కింటికి, ఎదురింటికి, పిల్లల బడికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కంకర, పక్క రంధ్రం సంగతి కూడా చెప్పి ఇవ్వండి.

6. వచ్చే కాలనీ సమావేశంలో ఈ ప్రశ్న వేయండి: వాన నీళ్లు మన వీధిలోకి ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి? మీరు గీసిన కాగితం అందరి ముందూ పెట్టండి. పెద్దవాళ్లు తమకు గుర్తున్న పాత కాలువలు చెబుతారు, వాటినీ అందులో గీయండి. ఆ కాగితం చూసి సమాధానం చెప్పగలిగినవారు వీధికి నలుగురు ఉన్నా, నాలా మీద కట్టే ప్రతి గోడను, మూసుకుపోయిన ప్రతి తూమును సమయానికి గుర్తించి అడగగలుగుతారు.